ముళ్ల పోలిక
ప్రశ్న: ‘హెరీషియం ఎరినేసియస్’ అనే పుట్టగొడుగు పేరులోనూ, ఐరోపా అడవుల్లోని హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల జంతువు శాస్త్రీయ నామంలోనూ ‘ఎరినేసియస్’ ఉంది. వీటికి సంబంధమేమిటి?

జవాబు: పోలిక పైరూపానిదే. ఆ లాటిన్ మాటకు హెడ్జ్‌హాగ్ అనే అర్థం. మన ఏదుపంది వేరు, అది ఎలుకల వర్గానికి చెందినది. హెడ్జ్‌హాగ్ అనే చిన్న క్షీరదం ఒంటిమీద 5,000కు పైగా ఉండే ముళ్లు, గోళ్లలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌తో గట్టిపడిన వెంట్రుకలే. భయపడినప్పుడు ఉండలా చుట్టుకొని వాటితోనే అది ఆత్మరక్షణ చేసుకుంటుంది. బీచ్, ఓక్ చెట్ల గాయాల నుంచి పుట్టే పుట్టగొడుగు ముళ్లు మాత్రం మెత్తగా కిందికి వేలాడుతూ, తమ ఉపరితలంపై తయారైన బీజకణాలను గాలికి వదులుతాయి. నా కంటికైతే ఆ పుట్టగొడుగు ముళ్ల జంతువులా కాక, తెల్లని గడ్డంలా కనిపిస్తుంది. సాగులో విరివిగా పండే ఈ పుట్టగొడుగు బ్రిటన్ అడవుల్లో అరుదు కనుక, 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా దాన్ని కోయడం నేరం.