టర్మ్ పాలసీ లెక్కలకు వాడే మరణాల పట్టిక పాతదైతే మన డబ్బుకు భద్రత ఉంటుందా?

అడిగినవారికి 34 ఏళ్లు. కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) ఉంది. వాళ్ల అమ్మగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో జీవితాంతం పెన్షన్ ఇచ్చే ప్లాన్ కొన్నారు. కంపెనీ వాడే మరణాల పట్టిక 2012-14 నాటిదని ఎక్కడో చదివి, రెండు సంగతులు అడిగారు. మనం ఎప్పుడు పోతామో కంపెనీలు తమకు నచ్చినట్టు లెక్క వేసుకుంటాయా? మధ్యలో కరోనా కూడా వచ్చి వెళ్లింది కదా, ఇంత పాత లెక్క మీద నిలబడ్డ కంపెనీ 30 ఏళ్ల తర్వాత కోటి ఇవ్వగలదా?

నేను జీవిత బీమా కంపెనీల వాల్యుయేషన్ విభాగంలో, అంటే రాబోయే క్లెయిములకు ఎంత డబ్బు ఉంచాలో లెక్కగట్టే చోట, 22 ఏళ్లు పనిచేశాను, అంతా హైదరాబాద్‌లోనే. హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా లెక్కలు చేసే మా టీమ్‌లో సగం మందిమి మాదాపూర్‌లో కూర్చునేవాళ్లం. కాబట్టి తెలిసినంత చెబుతాను.

ముందు రిజర్వు అంటే ఏమిటో చెప్పుకోవాలి. మరణాల పట్టిక అంటే ఏ వయసువాళ్లలో ఏడాదికి ఎంతమంది పోతారో చూపే లెక్క. ఇప్పుడున్న పట్టిక ప్రకారం 30 ఏళ్లవాళ్లు వెయ్యి మంది ఉంటే ఏడాదిలో దాదాపు ఒకరు పోతారు. 40 ఏళ్లవాళ్లలో 1.7 మంది, 50 ఏళ్లవాళ్లలో నాలుగున్నరకు దగ్గరగా. వయసుతో పాటు ప్రమాదం ఇలా పెరుగుతూ పోతున్నా మీ ప్రీమియం మాత్రం మొదటి ఏడాది ఎంతో చివరి ఏడాదీ అంతే. అంటే మొదటి పదేళ్లు మీరు ఆ ఏటి ఖర్చు కన్నా ఎక్కువ కడుతున్నారు, చివరి పదేళ్లు తక్కువ కడతారు. ముందు మిగిలిన డబ్బును కంపెనీ తీసి పక్కన పెట్టాలి. అదే రిజర్వు. దాన్ని లాభమనుకుని పంచుకుంటే విత్తనాల వడ్లు దంచుకుని తిన్నట్టే.

ఎంత పక్కన పెట్టాలో తేల్చేది వడ్డీ అంచనా, ఖర్చుల అంచనా, మధ్యలో పాలసీ మానేసేవాళ్ల అంచనా, వీటితో పాటు మరణాల పట్టిక. 40 ఏళ్లవాళ్లు లక్ష మంది, తలా 10 లక్షల పాలసీ అనుకోండి. పట్టిక ప్రకారం ఏడాదికి సుమారు 170 మంది, అంటే 17 కోట్లు. "మా కస్టమర్లు ఆరోగ్యవంతులు, మాకు పట్టికలో 60 శాతం చాలు" అని కంపెనీ అంటే అదే లెక్క 10 కోట్ల చిల్లరకు దిగుతుంది. ఒక గడిలో 100 ఉన్నచోట 60 అని కొడితే ఆ ఏడాది లాభం ఒక్కసారిగా పెరిగిపోతుంది. అసలు క్లెయిములు వచ్చి తలుపు తట్టేది పదేళ్ల తర్వాత. అప్పటికి ఆ గడిలో అంకె మార్చినవాళ్లు ఆ కుర్చీల్లో ఉండరు.

అందుకే ఆ గడిని కంపెనీ ఇష్టానికి వదల్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ (ఇప్పుడు ఐఆర్‌డీఏఐ అంటున్నారు) 2000లో తెచ్చిన నిబంధనల్లోనే ఇది స్పష్టంగా ఉంది. మరణాల రేట్లు ప్రచురించిన పట్టికను ఆధారం చేసుకోవాలి, లేదా కంపెనీ తన సొంత అనుభవంతో పట్టిక కట్టుకుని ఉండాలి. ప్రచురించిన పట్టిక వాడితే 100 శాతానికి తగ్గకూడదు. తగ్గించాలంటే అపాయింటెడ్ యాక్చువరీ తన పేరు మీద కారణం చూపించాలి. యాక్చువరీ అంటే బీమా లెక్కల నిపుణుడు. ఈ అపాయింటెడ్ యాక్చువరీ ప్రతి కంపెనీలోనూ చట్టప్రకారం ఉండాల్సిన మనిషి. జీతం కంపెనీదే అయినా సంతకానికి జవాబు చెప్పాల్సింది నియంత్రణ సంస్థకు.

పట్టికను కూడా ఒక కంపెనీ ఒంటరిగా చేయదు. జీవిత బీమా కంపెనీల పాలసీల, మరణాల వివరాలు ఒకచోట చేర్చి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా తయారుచేస్తే ఐఆర్‌డీఏఐ సమ్మతితో అమలులోకి వస్తుంది. మొదట్లో ఎల్‌ఐసీ 1994-96 పట్టిక ఉండేది. 2006-08 నాటి అనుభవంతో చేసింది 2013 ఏప్రిల్ నుంచి, 2012-14 అనుభవంతో చేసింది 2019 ఏప్రిల్ 1 నుంచి వాడుకలోకి వచ్చాయి. పేరు చివర 'అల్టిమేట్' అని ఉంటుంది. మెడికల్ పరీక్షలు చేయించుకుని అప్పుడే చేరినవాళ్లలో మొదటి కొద్ది సంవత్సరాలు మరణాలు సహజంగానే తక్కువ. వాళ్లను పక్కన పెట్టి, పాతబడ్డ పాలసీదారులతోనే లెక్క వేశారని దాని అర్థం.

అనుభవం 2014తో ముగిసింది, అమలు 2019లో, మధ్యలో ఆ ఐదేళ్లు ఏమయ్యాయి అని మీకు అనిపించి ఉంటుంది. ఆ డేటాను చేత్తో ముట్టుకున్నవాళ్లకు ఆ సందేహం రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలుగు జిల్లాల పాలసీలను పుట్టినతేదీ వారీగా పేర్చి చూశాను. జూన్ 1, జూలై 1 దగ్గర అంకెలు కొండలా లేచాయి. ఫైలు పాడైందేమో అనుకున్నాను. కాసేపటికి వెలిగింది. బడి తెరిచేది జూన్‌లో. పిల్లాణ్ణి తీసుకెళ్తే పంతులుగారు చెయ్యి తలమీదుగా చెవికి అందుతుందో లేదో చూసి, ఒక తేదీ రాసేసుకునేవారు. మా నాన్నగారి సర్టిఫికెట్‌లో కూడా జూలై 1. ఆయన పుట్టింది భోగి పండుగ నాడు. ఏ ఏడో అడిగితే నానమ్మ "బావులన్నీ ఎండిపోయిన ఏడు" అనేది. కాగితం మీద 48 ఉన్న మనిషి నిజానికి 50 అయితే, 50 ఏళ్ల మరణం 48 ఖాతాలో పడుతుంది. ఒక్క కంపెనీ ఒక్క ప్రాంతపు డేటాతో సొంత పట్టిక కడితే ఇలాంటి వంకరలన్నీ అందులో దిగబడిపోతాయి. అందరిదీ కలిపి, వడపోసి, సాఫు చేయడానికి ఏళ్లు పడుతుంది, పట్టాలి కూడా.

ఇక నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. కంపెనీ పేరు వద్దు. ఊళ్లలో చిన్న అప్పులు తీసుకునే మహిళా సంఘాల సభ్యులకు గ్రూపు బీమా ఉండేది. మూడేళ్ల అనుభవం తీసి చూస్తే మరణాలు పట్టికలో 55 శాతమే తేలాయి. రిజర్వుకు 60 శాతం వాడదామని నోటు రాశాను. ఫైనాన్స్‌వాళ్లు సంతోషపడ్డారు, పక్క కంపెనీ కూడా 60 వాడుతోందట అన్నారు. మా పెద్ద మేడమ్ మాత్రం నోటు పక్కన పెట్టి, "ఇందులో నువ్వు లెక్కపెట్టింది చనిపోయినవాళ్లనా, చెల్లించిన క్లెయిములనా అమ్మా?" అని అడిగారు. నేను చెల్లించిన తేదీ వారీగా లెక్కపెట్టాను.

ఆవిడ పెండింగ్ క్లెయిముల నుంచి ఒక ఫైలు తెప్పించి నా ముందు పెట్టారు. నాగర్‌కర్నూల్ అవతల ఒక పల్లె. రూళ్ల నోటుబుక్కు కాగితం మీద ఎవరో తెలుగులో రాసిపెట్టిన అర్జీ, కింద ఊదారంగు వేలిముద్ర, నాలుగు మడతలు పెట్టిన పంచాయతీ మరణ ధ్రువపత్రం, దాని అంచున పసుపు మరక. తల్లి పోయింది, నామినీ కూతురు. బీమా ఉందన్న సంగతే ఆ పిల్లకు చాలా రోజులు తెలియదు. మరణానికీ, ఆ కాగితం మా ఆఫీసు చేరడానికీ మధ్య 14 నెలలు. ఆ గదిలో అలాంటివి బీరువా నిండా ఉన్నాయి. నా మూడేళ్ల లెక్కలో వాళ్లెవరూ చనిపోలేదు.

మరణించిన తేదీ వారీగా మళ్లీ మొదటి నుంచి చేశాం. ఇంకా చెప్పకుండా ఉండిపోయిన మరణాలకు అంచనా కలిపాక 55 కాస్తా 80 దాటింది. దానిమీద అనిశ్చితి మార్జిన్ వేశాక 100 కన్నా తగ్గించే ఆలోచనే పోయింది. తక్కువ శాతానికి కారణం చూపించు అనే నిబంధన లేకపోయి ఉంటే ఆ నోటు అలాగే సంతకమై వెళ్లేది. వాల్యుయేషన్ రిపోర్టుల కట్టలు బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌కు తీసుకెళ్లిన రోజులు నాకు గుర్తు. ఐఆర్‌డీఏ అప్పట్లో అక్కడుండేది, ఇప్పుడు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. "ఈ శాతానికి ఆధారం ఏమిటి?" అని అక్కడి నుంచి ఒక్క ముక్క ప్రశ్న వస్తే మాకు వారం రోజులు నిద్ర ఉండేది కాదు. ఉండకూడదు కూడా.

పట్టిక పాతదైతే ప్రమాదమా అన్న ప్రశ్నకు మీ పాలసీకి ఒక జవాబు, అమ్మగారి ప్లాన్‌కు దానికి సరిగ్గా ఎదురు జవాబు. ఏళ్లు గడిచేకొద్దీ మనుషుల ఆయుష్షు పెరుగుతుంటే, పాత పట్టిక ఉన్నదానికన్నా ఎక్కువ చావులు చూపిస్తుంది. టర్మ్ పాలసీకి అది రిజర్వు పెంచుతుంది కాబట్టి మీరు నిశ్చింతగా ఉండొచ్చు. పెన్షన్‌కు అదే పట్టిక వాడితే మాత్రం మనుషులు త్వరగా పోతారనుకుని తక్కువ డబ్బు పక్కన పెడతారు, అమ్మగారు 95 ఏళ్లు బతికితే గాదె ఖాళీ.

ఇంగ్లండ్‌లో ఇది నిజంగానే జరిగింది. 18వ శతాబ్దంలో రిచర్డ్ ప్రైస్ అనే ఆయన నార్తాంప్టన్ పట్టణపు చర్చి రికార్డులతో ఒక పట్టిక కట్టాడు. చిన్నపిల్లలకు బాప్టిజం ఇవ్వని కుటుంబాలు అక్కడ చాలా ఉండటంతో పుట్టినవాళ్ల లెక్క తక్కువ పడింది, దాంతో ఆయుష్షు ఉన్నదానికన్నా బాగా తక్కువగా తేలింది. ఆ పట్టికతో జీవిత బీమా అమ్మిన ఈక్విటబుల్ సొసైటీకి పెద్ద మిగులు వచ్చింది. అదే పట్టికతో 1808 నుంచి యాన్యుటీలు, అంటే జీవితాంతం పెన్షన్ ఇచ్చే ప్లాన్లు, అమ్మిన బ్రిటిష్ ప్రభుత్వం దండిగా నష్టపోయింది. జాన్ ఫిన్‌లేసన్ అనే యాక్చువరీ లెక్కలు తీసి చూపించేదాకా ఆ నష్టం ఆగలేదు.

మన దగ్గర పెన్షన్లకు పట్టిక మొదటి నుంచీ వేరే. 1996-98 నాటి ఎల్‌ఐసీ పట్టిక చాలాకాలం నడిచింది, 2012-15 అనుభవంతో చేసిన కొత్తది 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది. అంత పాత పట్టికతో అన్నేళ్లు నెట్టుకు రావడం నాకు నచ్చలేదు. ఆయుష్షు పెరుగుదలను యాక్చువరీలు చేత్తో కలుపుకుంటూ పోవాల్సి వచ్చేది, ఒక్కొక్కరిది ఒక్కో చేయి. పట్టికల సవరణకు గడువు కట్టి, కచ్చితంగా పాటించాలని నా అభిప్రాయం. ఆడవాళ్ల సంగతి కూడా అంతే. వాళ్ల వయసు కొన్నేళ్లు తగ్గించుకుని అదే పట్టిక వాడటం ఆనవాయితీ. ఇన్ని లక్షల మంది ఆడవాళ్లు పాలసీలు కడుతున్న దేశంలో వాళ్లకు విడిగా పట్టిక ఉండాలి.

కరోనా గురించి. 2021 ఏప్రిల్, మే నెలల్లో రోజూ పొద్దున్నే వచ్చే క్లెయిముల షీటు తెరవాలంటే చేతులు వణికేవి. వరసగా 38, 41, 44 ఏళ్లు. ఒకే ఇంటిపేరుతో రెండు వరుసలు ఉన్న రోజులూ ఉన్నాయి. అంత జరిగినా పట్టిక మార్చలేదు, మార్చకపోవడమే సరి. పట్టిక మామూలు ఏళ్ల కోసం. ఉప్పెన లాంటి ఏడాదికి కంపెనీలు విడిగా కొంత డబ్బు కేటాయించాయి, రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలు తమ కోసం వేరే కంపెనీల దగ్గర తీసుకునే బీమా) కొంత మోసింది. వీటన్నిటికీ వెనుక సాల్వెన్సీ మార్జిన్ ఉంటుంది. రిజర్వు మొత్తం తీసి పక్కన పెట్టాక కూడా కంపెనీ దగ్గర ఉండాల్సిన అదనపు సొమ్ము అది. ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం ఎప్పుడూ ఉంచాలన్నది నియమం.

మీరే చూసుకోవచ్చు. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అని ఉంటుంది. అందులో ఫారం ఎల్-32లో సాల్వెన్సీ నిష్పత్తి ఉంటుంది, అది 1.5కు ఎంత పైన ఉందో, ఏడాదికేడాది దిగుతోందో చూడండి. ఫారం ఎల్-42 వాల్యుయేషన్ ఆధారాలది. మీ ప్లాన్ రకం ఎదురుగా పట్టికలో ఎన్ని శాతం తీసుకున్నారో కనిపిస్తుంది. టర్మ్ పాలసీల వరసలో ఆ శాతం ఏటా తగ్గుతూ పోతుంటే కస్టమర్ కేర్‌కు రాసి ఎందుకని అడగండి. అమ్మగారి పెన్షన్ వరసలో 100 కన్నా బాగా తక్కువ శాతం కనిపించినా కంగారు పడకండి. అక్కడ తక్కువ శాతమంటే ఆవిడ చాలా ఏళ్లు బతుకుతారని లెక్కగట్టి, అందుకు సరిపడా డబ్బు తీసి పెట్టారని.