న్యూయార్క్ గుర్రంలో వాటా: బోనస్ ఎవరి పేరున వస్తుంది?

ప్రశ్న: మేము న్యూ జెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. నేను హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, నా భార్యకు హెచ్-4 ఈఏడీ (పని చేసే అనుమతి పత్రం) ఉంది. మాకు ఇద్దరు పిల్లలు. ఆఫీసులోని ఒక మిత్రుడు తాను ఉన్న గుర్రపు పందేల సిండికేట్‌లో (కలిసి గుర్రాన్ని వాటాలుగా కొనే బృందంలో) చేరమంటున్నారు. న్యూయార్క్‌లో పుట్టిన రెండేళ్ల పోతు గుర్రంలో 5 శాతం వాటా 7,500 డాలర్లట. దానిని సరాటోగా వేలంలో 85,000 డాలర్లకు కొన్నారని చెప్పారు. అది వద్దనుకుంటే, చూలుతో ఉన్న ఆడగుర్రంలో 10 శాతం వాటా 9,000 డాలర్లకు ఇస్తామంటున్నారు. రాష్ట్రం 40 శాతం దాకా బోనస్ ఇస్తుంది కనుక డబ్బు పోదని, ఒకవేళ పోయినా పన్నులో కలిసి వస్తుందని ఆయన వాదన. హైదరాబాద్‌లోని మా బావగారు మాత్రం ఆ వాటా ఏదో మలక్‌పేట రేసుకోర్సులోనే కొనవచ్చు కదా అంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీ మిత్రుడు చెప్పిన బోనస్ కల్పితం కాదు. న్యూయార్క్ రాష్ట్రం 1973లోనే జాతి గుర్రాల పెంపకానికి ఒక అభివృద్ధి నిధిని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. పందేల మీద కాసే సొమ్ములో కొంత భాగం, రేసుకోర్సుల దగ్గర నడిచే వీడియో లాటరీ యంత్రాల ఆదాయంలో కొంత భాగం ఆ నిధికి చేరతాయి, అందులోంచి బ్రీడర్లకు (గుర్రాలను పుట్టించేవారికి), స్టాలియన్ (దాటించే మగ గుర్రం) యజమానులకు, కొన్ని సందర్భాలలో పందెపు గుర్రాల యజమానులకు ప్రోత్సాహకాలు అందుతాయి. అయితే ఆ నిధి పుట్టింది రాష్ట్రంలోని గుర్రపు క్షేత్రాలు మూతపడకుండా, వాటి మీద బతికే పనివారికి, గడ్డి పండించే రైతులకు ఉపాధి పోకుండా చూడడానికే తప్ప, గుర్రంలో వాటా కొన్నవారి పెట్టుబడికి పూచీ పడడానికి కాదు. మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

ముందుగా 40 శాతం సంగతి చూద్దాం. అది గుర్రం గెలుచుకున్న బహుమతి సొమ్ములో వంతుగా లెక్కగట్టి బ్రీడర్‌కు ఇచ్చే పురస్కారం. బ్రీడర్ అంటే పిల్ల పుట్టిన నాటికి తల్లి గుర్రం ఎవరి పేరున ఉన్నదో వారు. ఆ పిల్లను తరువాత ఎవరు కొన్నా, ఎన్ని చేతులు మారినా, పురస్కారం మాత్రం మొదటి ఆ పేరుకే పోతుంది. కాబట్టి మీకు చూపిన రెండేళ్ల గుర్రం రేపు న్యూయార్క్‌లో పది పందేలు గెలిచినా, బ్రీడర్ పురస్కారంలో ఒక్క డాలరు కూడా మీ సిండికేట్‌కు రాదు. వేలంలో దానిని అమ్మి వెళ్లిపోయిన వారికే వస్తుంది. ఇక ఆ 40 శాతమైనా అందరికీ కాదు: తండ్రి గుర్రం కూడా న్యూయార్క్‌లో నమోదై అక్కడే ఉన్నదైతే, పిల్ల మొదటి స్థానంలో వచ్చినప్పుడు మాత్రమే ఆ పై రేటు వర్తిస్తుంది. తండ్రి కెంటకీలోనో మరెక్కడో ఉన్నదైతే అందులో సగమే. రెండు, మూడు స్థానాలకు ఇంకా తగ్గుతుంది, ఒక్కో పందేనికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. ఈ రేట్లను నిధి పాలక మండలి రాబడిని బట్టి మారుస్తూ ఉంటుంది కనుక, పదేళ్ల లెక్క వేసేటప్పుడు నేటి రేటును స్థిరమైనదిగా పట్టుకోకూడదు.

అలాగని పందెపు గుర్రం కొన్నవారికి ఈ పథకం వల్ల లాభమే లేదని కాదు. న్యూయార్క్‌లో పుట్టిన గుర్రాలకే పరిమితమైన పందేలు అక్కడ విరివిగా ఉంటాయి, వాటి బహుమతి సొమ్ము కూడా చెప్పుకోదగినదే. దేశమంతటి నుంచి వచ్చే మేటి గుర్రాలతో తలపడకుండా, తమలో తామే పోటీపడే ఈ వెసులుబాటే యజమానికి దక్కే అసలు ప్రోత్సాహకం. మీ మిత్రుడు దీనిని చెప్పి ఉంటే నేను ఇంత గట్టిగా మాట్లాడేవాడిని కాదు.

ఇప్పుడు మీ వాటా మేరకు లెక్క వేద్దాం. న్యూయార్క్ నగర పరిసరాల రేసుకోర్సులలో ట్రైనర్ రోజుకు నూరు డాలర్లకు పైగానే తీసుకుంటారు. లాడాలు, పశువైద్యం, రవాణా, బీమా కలిపి ఏడాదికి 60,000 డాలర్లు అనుకుంటే మీ 5 శాతం వంతు 3,000 డాలర్లు. గుర్రం 60,000 డాలర్ల పందెం గెలిచిందనుకోండి. విజేత వాటా 55 శాతమైతే 33,000 డాలర్లు. అందులో ట్రైనర్‌కు పది శాతం, జాకీకి పది శాతం పోగా 26,400 మిగులుతుంది, మీ చేతికి 1,320 వస్తుంది. అంటే ఏటా అలాంటి పందేలు రెండు గెలిచినా నిర్వహణ ఖర్చు పూర్తిగా తీరదు, ఇక కొన్న ధర సంగతి తలపెట్టనే అక్కరలేదు. పందెపు గుర్రాలలో చాలా వాటికి ఏడాదికి ఒక్క గెలుపు దక్కడమే గొప్ప. పైగా 5 శాతానికి 7,500 అంటే గుర్రం మొత్తాన్ని 1,50,000 డాలర్లకు లెక్కగట్టారన్నమాట. వేలంలో 85,000 పెట్టిన గుర్రానికి మిగిలిన 65,000 ఎందుకో, అందులో ఇప్పటి వరకు అయిన శిక్షణ ఖర్చు ఎంతో, రాబోయే నెలల కోసం దాచినది ఎంతో, నిర్వాహకుడి లాభం ఎంతో రాతపూర్వకంగా అడగండి. సరాటోగా వేలాల ఫలితాలు బహిరంగంగానే ప్రచురిస్తారు కనుక ఆ 85,000 మాట నిజమో కాదో మీరే చూసుకోవచ్చు.

రెండవ ప్రతిపాదన, అంటే ఆడగుర్రంలో వాటా, బోనస్ దృష్టితో చూస్తే నిజానికి మెరుగైనది. ఎందుకంటే పిల్లను అమ్మేసిన తరువాత దానిని పోషించే ఖర్చు, శిక్షణ ఖర్చు కొన్నవారివి, అది న్యూయార్క్‌లో గెలిచినప్పుడల్లా బ్రీడర్ పురస్కారం మాత్రం మీది. పైన చెప్పిన పందాన్నే తీసుకుంటే, తండ్రి న్యూయార్క్ స్టాలియన్ అయిన పక్షంలో 33,000లో 40 శాతం 13,200, అందులో మీ పది శాతం 1,320. యాదృచ్ఛికంగా పందెపు గుర్రంలో వచ్చినంతే, కానీ శిక్షణ బిల్లు లేకుండా. తండ్రి బయటి రాష్ట్రంలోనిదైతే 660.

ఈ మెరుగు చాలా షరతుల మీద నిలబడి ఉంది. పిల్ల న్యూయార్క్ గడ్డ మీదే పుట్టాలి. తల్లి గుర్రం ముందుగానే రాష్ట్రంలో స్థిరపడి ఉండాలి, లేదా ఈనిన తరువాత అక్కడి నమోదిత స్టాలియన్‌తోనే మళ్లీ దాటించాలి. గడువులోగా రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. కొన్నవారు పిల్లను మేరీలాండ్‌కో ఫ్లోరిడాకో తీసుకెళ్లి పరుగెత్తిస్తే న్యూయార్క్ నిధి నుంచి మీకు రావలసింది ఏమీ ఉండదు. అన్నింటికంటే కాలం: చూలు పదకొండు నెలలు, పుట్టిన పిల్ల పందెంలోకి దిగడానికి మరో రెండేళ్లు, తరచుగా రెండున్నరేళ్లు. ఆ లోపల తల్లి మేత, కొట్టం ఖర్చు రోజుకు 35 డాలర్లు అనుకున్నా ఏడాదికి పదమూడు వేలకు దగ్గరవుతుంది. మీ వంతు సుమారు 1,300, ప్రతి ఏటా చెల్లించే స్టాలియన్ ఫీజు, పశువైద్యం అదనం. చూలు నిలవకపోవడం, నిలిచినా మధ్యలో పోవడం, పిల్లకు కాళ్లలో లోపం రావడం ఈ రంగంలో అరుదైన విషయాలేమీ కావు.

ఇలాంటి సిండికేట్ల ప్రచారంలో సాధారణంగా ఒక పేరు వినిపిస్తుంది కనుక దాని గురించి ఒక మాట. 2003లో ఫన్నీ సైడ్ అనే న్యూయార్క్ గుర్రం కెంటకీ డర్బీని, ఆ వెంటనే ప్రీక్‌నెస్‌ను, అంటే అమెరికాలోని రెండు ప్రఖ్యాత పందేలను గెలిచింది. డర్బీ గెలిచిన తొలి న్యూయార్క్ గుర్రం అదే. కొంతమంది మిత్రులు కలిసి పెట్టుకున్న సాకటోగా స్టేబుల్ దానిని 75,000 డాలర్లకు కొన్నది. అదే బృందానికి చెందిన టిజ్ ద లా 2020లో బెల్మాంట్ స్టేక్స్ పందెం గెలిచింది. రెండూ నిజమే. కానీ వృషణాలు తీయించిన గుర్రం కావడం వల్ల ఫన్నీ సైడ్‌కు స్టాలియన్‌గా ఆదాయమే లేదు. ప్రతి సంవత్సరం అలాంటి ధరలకే అమ్ముడై, ఎవరికీ పేరు తెలియకుండా మిగిలిపోయే గుర్రాల యజమానుల కథలు కరపత్రాలలో అచ్చు కావు.

పన్నులో కలిసి వస్తుందన్న మాట మీ విషయంలో ఎక్కువగా తప్పుదారి పట్టించేది. 2025 జనవరి 19 తరువాత కొన్న గుర్రాల ధర మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపే వీలు చట్టంలో తిరిగి వచ్చిన మాట వాస్తవం. అయితే వ్యాపారంలో మీరు స్వయంగా, నిజంగా పాలుపంచుకోనప్పుడు వచ్చే నష్టాన్ని అలా పాలుపంచుకోని వ్యాపారాల ఆదాయం నుంచే మినహాయించుకోవాలి, జీతం నుంచి కాదు. మిగిలినది తరువాతి సంవత్సరాలకు పోతుంది. పాలుపంచుకోవడమంటే, ఎక్కువగా వాడే కొలమానం ప్రకారం, ఏడాదికి 500 గంటలకు పైగా పని చేయడం. ఇక్కడ మీకు రెండు చట్టాల మధ్య ఇరుకు ఏర్పడుతుంది: పన్ను చట్టం ‘పని చేస్తే మినహాయింపు’ అంటుంది, హెచ్-1బి మాత్రం మీ స్పాన్సర్ దగ్గర తప్ప మరెక్కడా పని చేయనివ్వదు. చేతులు కట్టుకుని కూర్చునే పెట్టుబడిదారుగా ఉండవచ్చు, అలా ఉన్నంత కాలం జీతం మీద పన్ను తగ్గదు. ఉమ్మడి రిటర్నులో మీ భార్య చేసే పని గంటలూ లెక్కకు వస్తాయి, ఆమెకు ఈఏడీ ఉంది కనుక పని చేసే హక్కూ ఉంది. కానీ ఐదు శాతం వాటాదారుగా నెలవారీ నివేదికలు చదవడం, ఆదివారం రేసుకోర్సుకు వెళ్లి రావడం ఆ గంటలలో చేరవు. దీనిపై సంతకం చేసే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని, పన్ను లెక్కలు చూసే సీపీఏను ఇద్దరినీ అడగండి.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దీనిని వ్యాపారంగా కాక సరదాగా భావిస్తే పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఆదాయం మీద పన్ను పడుతుంది, ఖర్చుకు మినహాయింపు ఉండదు. గుర్రాల విషయంలో ఏడేళ్లలో రెండేళ్లు లాభం చూపితే వ్యాపారమేనన్న ఊహ మీకు అనుకూలంగా ఉంటుంది గాని, పై లెక్కలు చూసిన తరువాత ఆ రెండేళ్లు ఎక్కడి నుంచి వస్తాయో మీ మిత్రుడే చెప్పాలి. వాటా ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) రూపంలో ఉంటే న్యూయార్క్‌లో నాన్-రెసిడెంట్ రిటర్ను కూడా దాఖలు చేయవలసి రావచ్చు, దానికి అయ్యే ఫీజు మీ వాటాకు చిన్న ఖర్చు కాదు.

బావగారి సలహాకు క్లుప్తంగా: మలక్‌పేటలో వాటా కొనడంలో వేరే ఇబ్బందులున్నాయి. భారతదేశంలో పందెపు గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని ఆ పోషణ నుంచి వచ్చే ఆదాయంతోనే సర్దుబాటు చేసుకోవాలి, నాలుగు సంవత్సరాలకు మించి ముందుకు తీసుకెళ్లలేరు. అంతకంటే ముఖ్యంగా, పందేల నుంచి వచ్చిన ఆదాయాన్ని విదేశాలకు పంపడం 2000 నాటి ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) కరెంట్ ఖాతా నిబంధనలలో నిషిద్ధాల జాబితాలో ఉంది. గెలిచినా ఆ డబ్బు హైదరాబాద్‌లోనే ఉండిపోతుంది. అమెరికాలో మాత్రం దాని మీద మీరు పన్ను లెక్క చూపవలసిందే.

నా సలహా ఇది. ఆడగుర్రంలో వాటా ఇప్పుడు వద్దు. బోనస్ పరంగా మెరుగైనదే అయినా, మూడేళ్లకు పైగా ఆదాయం లేకుండా నెల నెలా బిల్లు కట్టే బాధ్యత మీ వీసా స్థితికి సరిపడదు. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ 60 రోజులలోనూ సిండికేట్ బిల్లు వస్తూనే ఉంటుంది, వాటాను కొనేవారు దొరకరు, కట్టకపోతే వాటా జప్తు చేసే నిబంధన చాలా ఒప్పందాలలో ఉంటుంది. రెండేళ్ల గుర్రం మీద మీకు నిజంగా మక్కువ ఉంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండి, 401(కె) పదవీ విరమణ ఖాతాలో కంపెనీ జతచేసే మొత్తం పూర్తిగా అందుకుంటూ, పిల్లల చదువు కోసం ఉన్న 529 ఖాతాలకు ఏటా వేయాలనుకున్నది వేసిన తరువాతనే ఆలోచించండి. అప్పుడైనా 5 శాతం కాదు, ఒకటి రెండు శాతం. అదీ ఏడాది ఖర్చు ముందే కలిపి తీసుకుని, ఆపైన అడగబోమని రాసి ఇచ్చే సిండికేట్‌లో మాత్రమే. మీ బడ్జెట్‌లో బోనస్ గడి ఎదుట సున్నా వేయండి. ఒప్పందం చేతికి వచ్చాక బ్రీడర్‌గా ఎవరి పేరు నమోదైంది, యజమాని పురస్కారం వస్తే వాటాదారులకు ఎన్ని రోజులలో పంచుతారు, గుర్రం గాయపడి పందేలు మానితే ఖర్చు ఎవరిది అన్న మూడు అంశాలు అందులో స్పష్టంగా ఉన్నాయో లేవో చూసి, లేకపోతే ఆ ప్రతిని నిర్వాహకుడికి తిప్పి పంపండి.