ఎలుకలకీ పగడపు దిబ్బలకీ మధ్య పక్షి ఉంది

దీవిలో ఎలుకలుంటే పక్కనున్న పగడపు దిబ్బల్లో చేపలు తగ్గుతాయని మీరు సెమినార్లో చెబితే, "ఎలుకలు నేలమీద తిరుగుతాయి, సముద్రంలో చేపలకు వాటితో ఏం పని" అని అడిగారనీ, మీకు నోరు పెగల్లేదనీ అన్నారు కదా. మధ్యలో పక్షిని పెట్టండి, చిక్కు విడిపోతుంది.

హిందూ మహాసముద్రంలో చాగోస్ దీవులున్నాయి. ఓడల్లో వచ్చిన నల్ల ఎలుకలు అక్కడ పక్షుల గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. సముద్రపక్షులు నడిసంద్రంలో వేటాడి, దీవి మీదకొచ్చి రెట్ట వేస్తాయి. అందులోని నత్రజని నీళ్లతో కొట్టుకుపోయి పగడపు దిబ్బల మీది నాచుకు ఎరువవుతుంది (మన పెంట ఎరువు కథే!). దాన్ని మేసే చేపలు బలుస్తాయి. పక్షులు పోతే ఎరువు బండి ఆగినట్టే.

2018లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఎలుకలున్న 6 దీవుల్ని, లేని 6 దీవులతో పోల్చింది. ఎలుకలు లేనిచోట పక్షుల సాంద్రత 760 రెట్లు, పక్క దిబ్బల మీద చేపల మొత్తం బరువు 48 శాతం ఎక్కువ.

"ఆ నత్రజని రెట్టదేనని గ్యారంటీ ఏంటి?" అని తప్పక అడుగుతారు. నత్రజని-15 ఐసోటోపు (నత్రజనిలోనే కాస్త బరువైన రకం) సంగతి చెప్పండి. పక్షి రెట్టలో అది ఎక్కువ. ఎలుకలు లేని దీవుల దగ్గర నేలలో, ఆకుల్లో, నాచులో, చేప కండలో కూడా అదే ఆనవాలు దొరికింది.

స్లైడు మీద "ఎలుకలు పగడాల్ని చంపుతాయి" అని మాత్రం రాయకండి. ఈ అంకెలు చెప్పేది పక్షుల గురించి, చేపల గురించి; పగడాల చావు గురించి కాదు. అక్కడే దొరికిపోతారు.