మూడు గోడౌన్లా, గుత్తిలో ఒక్కటా?

ప్రశ్న: అనంతపురంలో డ్రిప్ పైపులు, ఫిట్టింగుల హోల్‌సేల్ వ్యాపారం మాది. కర్నూలు, కడపల్లోనూ గోడౌన్లున్నాయి. ఎంబీఏ చదివొచ్చిన మా అబ్బాయి ఇప్పటి ఖర్చునూ, మూడూ మూసి గుత్తిలో ఒకే పెద్ద గోడౌన్ తీసుకుంటే అయ్యే ఖర్చునూ కంప్యూటర్లో పోల్చి చూపించాడు. అద్దె తగ్గుతుంది, నిల్వ తగ్గుతుంది అంటాడు. కడప డీలర్లు చేజారతారని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీవాడు గుత్తిని ఊరికే పట్టుకోలేదండీ. 44వ నంబరు జాతీయ రహదారీ, బళ్లారి నుంచి తాడిపత్రి, ప్రొద్దుటూరు వైపు పోయే 67వ నంబరు రహదారీ కలిసేది అక్కడే. కానీ అతను పోల్చింది రెండింటినే. గుత్తితో కలిపి చోట్లు నాలుగు. ఒక్కోదాన్నీ ఉంచాలా వద్దా అని చూస్తే, అన్నీ మూసేయడం పోను, 15 రకాల ఏర్పాట్లు వస్తాయి. మిగతా 13 సంగతేమిటి? గుత్తి, కడప రెండూ ఉంచడం వాటిలో ఒకటి. చోట్లు 20 అయితే ఏర్పాట్లు పది లక్షలు దాటతాయి. అలాంటప్పుడు లాభం లేని దారులను ముందే వదిలేసే పద్ధతి కావాలి. దాన్ని ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డాయిగ్ అనే ఇద్దరు మహిళలు 1960లో చూపించారు. మీ పదిహేనుకు ఎక్సెల్ షీటు చాలు.

రవాణా ఖర్చు టన్నుకింత అని వేశాడేమో అడగండి. సాళ్ల వెంట పరిచే సన్న గొట్టాలు, అదే లేటరల్ పైపు చుట్టలు, బరువు తక్కువ, జాగా ఎక్కువ. బండి ముందే నిండిపోతుంది. కాబట్టి ట్రిప్పుకింత అనే వేయాలి.

అసలు పేచీ నిల్వ దగ్గరుంది. గిరాకీ ఉన్నట్టుండి పెరిగితే ఉండాలని మూడు చోట్ల విడివిడిగా ఉంచుకునే అదనపు సరుకును ఒకేచోటికి తెస్తే దాదాపు 58 శాతం సరిపోతుందని వర్గమూలం సూత్రం చెబుతుంది. నేను కాలేజీలో ఆపరేషన్స్ రీసెర్చ్ చెప్పినన్నాళ్లూ పిల్లలు దీన్ని బట్టీపట్టేవారు, షరతు మాత్రం వదిలేసేవారు. ఒక జిల్లా అమ్మకాల హెచ్చుతగ్గులకు ఇంకో జిల్లావాటితో సంబంధం ఉండకూడదు, అదీ షరతు. మన సీమలో అదెక్కడ కుదురుతుంది? వాన పడినా, సబ్సిడీ మంజూరైనా మూడు జిల్లాల డీలర్లూ ఒకే వారం ఫోన్ చేస్తారు. మూడూ కలిసి పెరిగి కలిసి తగ్గేట్టయితే అదనపు నిల్వలో ఆదా అయ్యేది దాదాపు సున్నా. నెలవారీ బిల్లులు మూడు ఊళ్లవీ పక్కపక్కన పెట్టి చూడమనండి, ఎంత ఆదా అవుతుందో తేలిపోతుంది.

ఇక మీ భయం. అది లెక్కకు బయటిదేం కాదు, అందులో పెట్టాల్సిందే. పొద్దున అడిగిన డీలరుకు సాయంత్రంలోగా సరుకు అందాలి అనే నియమం రాయించండి. దాన్ని తప్పే ఏర్పాట్లు వాటంతటవే పోతాయి. ఆటోలో వచ్చి అప్పుకు పట్టుకెళ్లే కడప డీలరు గుత్తిదాకా రాడు, పక్క షాపుకు పోతాడు. ఆ పోయే లాభాన్ని కూడా ఖర్చు కిందే రాయాలి.

అన్నీ అయ్యాక, అన్నిటికన్నా చవకైనదాన్ని ఒక్కదాన్నే చూడకండి. దాని వెనకున్న రెండు మూడింటికీ దానికీ తేడా ఎంతో చూడండి. డీజిల్ పెరిగితే, వానలు లేక అమ్మకం సగమైతే అని మళ్లీ వేయించండి. ప్రతిసారీ కడప నిలబడుతుంటే దాని జోలికి పోకండి. గుత్తిలో అడ్వాన్స్ మాత్రం అంతవరకు ఇవ్వొద్దు.