విదేశంలో ఒక సెమిస్టర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విద్యార్థుల మార్పిడి ఒప్పందం కింద విదేశీ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదివి రావడం గురించి అందిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవాటిని ఎంచి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. డిగ్రీ మొత్తం విదేశంలో చేసేవారి సంగతి వేరు. ఇక్కడ చెప్పేదంతా సొంత విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా కొనసాగుతూనే నాలుగైదు నెలలు మరోచోట చదివేవారి గురించే. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తు చేసే నాటికి ఆ దేశపు అధికారిక ప్రకటనను ఒకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. వచ్చే ఏడాది ఒక సెమిస్టర్ విదేశంలో చదివే అవకాశం వచ్చింది. అక్కడి క్రెడిట్లను ఇక్కడ లెక్కలోకి తీసుకోకపోతే తోటివారికంటే వెనకబడిపోతానని సీనియర్లు భయపెడుతున్నారు. వారి మాట నిజమేనా?

జవాబు: వారి భయంలో నిజం ఉంది. అయితే ఆ నష్టాన్ని తప్పించుకోవలసింది తిరిగి వచ్చాక కాదు, బయలుదేరకముందే. ఈ సమస్య కొత్తదీ కాదు. సోఫియా కొరాది అనే ఇటలీ విద్యార్థిని 1950ల చివర్లో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి రోమ్‌కు తిరిగి వెళ్లినప్పుడు, ఆమె సొంత విశ్వవిద్యాలయం ఆ చదువును గుర్తించడానికి నిరాకరించింది. విదేశంలో చదివిన కాలానికి స్వదేశంలో విలువ ఉండి తీరాలని ఆమె ఆ తర్వాత ఏళ్ల తరబడి అధికారుల వెంటపడ్డారు. యూరప్‌లో 1987లో 11 దేశాల మధ్య 3,244 మంది విద్యార్థులతో మొదలైన ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి పథకం వెనుక ఆ పట్టుదల ఉంది. విద్యార్థిని పంపడం కంటే, అతడు చదివి వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతిని స్థిరపరచడమే ఆ పథకం సాధించిన పెద్ద పని అని మా అభిప్రాయం.

ఆ పద్ధతికి ఆధారం లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రం. అక్కడ మీరు చదవబోయే సబ్జెక్టులు ఏవి, వాటికి బదులుగా ఇక్కడ మీకు మినహాయించే సబ్జెక్టులు ఏవి అన్నది అందులో రాసి, మీరూ, రెండు విశ్వవిద్యాలయాల ప్రతినిధులూ సంతకాలు చేస్తారు. ఎరాస్మస్ పరిధిలో లేని ఒప్పందాల్లో దీని పేరు వేరుగా ఉండవచ్చు, అసలు ఇలాంటి పత్రమే లేకపోవచ్చు. లేకపోతే మీరే అడిగి రాయించుకోవాలి. అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయం ఆమోదం ఒక్కటే చాలదు. మీ మార్కుల జాబితాలో ఏది చేర్చాలో, ఏది చేర్చకూడదో చివరికి నిర్ణయించేది సాధారణంగా మీ విభాగమే కనుక విభాగాధిపతి సంతకం, లేదా కనీసం ఆయన పంపిన ఈ-మెయిల్, మీ దగ్గర ఉండాలి. ‘చూద్దాంలే, తిరిగి వచ్చాక సర్దుబాటు చేద్దాం’ అన్న నోటి మాటను ఆమోదంగా భావించవద్దు. మీరు తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో మరొకరు ఉండవచ్చు.

లెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. యూరప్‌లో క్రెడిట్ల లెక్కకు అనుసరించే ఈసీటీఎస్ పద్ధతిలో పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ అంటే తరగతులు, సొంతంగా చదివే సమయం, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. బ్రిటన్‌లో ఏడాదికి 120 క్రెడిట్లు కనుక అక్కడి రెండు క్రెడిట్లు ఒక ఈసీటీఎస్ క్రెడిట్‌కు సమానం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు మామూలు. అంకెలను నేరుగా పోల్చి ‘అక్కడ 15 క్రెడిట్లే చేశాడు’ అని ఎవరైనా గుమాస్తా రాసేస్తే సగం చదువు గాలిలో కలిసిపోతుంది. అందువల్ల మార్పిడి నిష్పత్తిని కూడా ఒప్పంద పత్రంలోనే చేర్పించుకోవడం మంచిది.

గ్రేడ్లదీ ఇదే తంతు. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 వస్తే ఉత్తీర్ణత, 5.0 అంటే తప్పినట్లు. ఫ్రాన్స్‌లో 20కి 10 వస్తే ఉత్తీర్ణులే, 14 వస్తే మంచి విద్యార్థి కిందే లెక్క. ఇటలీలో 30కి 18 ఉత్తీర్ణత మార్కు. ఫ్రాన్స్‌లో వచ్చిన 14ను యాంత్రికంగా 70 శాతంగా మార్చితే మీకు అన్యాయం జరుగుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు అసలు గ్రేడ్లను తీసుకోకుండా ఉత్తీర్ణత, క్రెడిట్లు మాత్రమే నమోదు చేస్తాయి. సగటు మార్కుల మీద ఆధారపడిన ఉపకార వేతనం మీకు వస్తున్నట్లయితే ఈ రెండింటిలో మీ విశ్వవిద్యాలయం పద్ధతి ఏదో ముందే తెలుసుకోండి.

సబ్జెక్టుల ఎంపికలో మా సలహా ఒక్కటే. తర్వాతి సెమిస్టర్ పాఠాలకు పునాదిగా ఉండే ప్రధాన సబ్జెక్టులను ఇక్కడే పూర్తి చేసి, ఐచ్ఛిక సబ్జెక్టులను అక్కడికి మిగుల్చుకోండి. ఐచ్ఛికాలకు సమానమైనవి వెతకడం సులభం, మినహాయింపు ఇవ్వడానికి అధ్యాపకులూ అంతగా వెనకాడరు. అవసరమైనదానికంటే రెండు మూడు సబ్జెక్టులకు అదనంగా ఆమోదం తీసుకోండి. అక్కడికి వెళ్లాక రెండు తరగతుల వేళలు ఢీకొనడం, సీట్లు నిండిపోవడం, ఆ సెమిస్టర్‌లో ఆ పాఠమే లేకపోవడం సర్వసాధారణం. మార్చుకోవలసి వస్తే సబ్జెక్టు మార్చిన వారంలోనే ఇక్కడి నుంచి రాతపూర్వక అనుమతి తెప్పించుకోవాలి. ప్రతి సబ్జెక్టు సిలబస్‌నూ దాచుకోండి. పేర్లు కలవని చోట సమానత్వాన్ని నిరూపించేది అదొక్కటే.

ప్రశ్న: మా అమ్మాయిని ఎంపిక చేసినట్లు ఉత్తరం వచ్చింది. అందులో ట్యూషన్ ఫీజు మినహాయింపు అని ఉంది. అంటే మేము ఇక ఏమీ కట్టనవసరం లేదా?

జవాబు: కట్టాలి. రెండు విశ్వవిద్యాలయాలు సమాన సంఖ్యలో విద్యార్థులను పంపుకునే ఒప్పందంలో అమ్మాయి ట్యూషన్ ఫీజును సొంత విశ్వవిద్యాలయానికే ఎప్పటిలాగే చెల్లిస్తుంది, విదేశీ విశ్వవిద్యాలయం తన ట్యూషన్ ఫీజును అడగదు. ఆ మినహాయింపు అంతవరకే. విమాన ప్రయాణం, వీసా రుసుము, గది అద్దె, భోజనం, ఆరోగ్య బీమా, పుస్తకాలు మీవే. జర్మనీ వంటి చోట్ల విద్యార్థి సేవా సంస్థ కోసం, చాలాసార్లు ప్రజా రవాణా పాస్ కోసం కూడా, సెమిస్టర్‌కు ఒక చందా వసూలు చేస్తారు. అది ట్యూషన్ ఫీజు కింద లెక్కకు రాదు కనుక మినహాయింపులో ఉందో లేదో విడిగా అడగాలి.

కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది మొత్తం ఖర్చు వల్ల కాదు, అది ఒకేసారి మీద పడటం వల్ల. ఉపకార వేతనం మంజూరైనా చాలాసార్లు విద్యార్థి అక్కడికి చేరి నమోదు పూర్తి చేశాకే మొదటి విడత వస్తుంది, చివరి భాగం తిరిగి వచ్చి నివేదిక ఇచ్చాక చేతికందుతుంది. గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, బీమా మాత్రం ముందే కట్టాలి. వీసా కోసం చూపవలసిన నిధులు మరొకటి. జర్మనీకి వెళ్లే విదేశీ విద్యార్థులు నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగేలా స్తంభింపజేసిన ఖాతాలో డబ్బు వేసి చూపడం వాడుకలో ఉన్న పద్ధతి. అది మీ డబ్బే అయినా ఒక్కసారిగా తీసుకోవడం కుదరదు.

బీమాను తేలికగా తీసుకోవద్దు. అమెరికాకు జే-1 వీసా (మార్పిడి కార్యక్రమాల మీద వెళ్లేవారికి ఇచ్చేది) మీద వెళ్లేవారికి నిర్దేశించిన స్థాయి ఆరోగ్య బీమా తప్పనిసరి. ఆస్ట్రేలియా కూడా విదేశీ విద్యార్థుల కోసం ఉద్దేశించిన ప్రత్యేక బీమాను వీసా షరతుగా పెట్టింది. అక్కడ పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసి ఖర్చులు రాబట్టుకోవచ్చన్న లెక్కతో మాత్రం అమ్మాయిని పంపవద్దు. ఉన్నది నాలుగైదు నెలలు, ఉద్యోగం దొరికేసరికే సగం గడిచిపోతుంది. కొన్ని వీసాలు పనిని అసలు అనుమతించవు. గది కూడా ఎంపికతో పాటు దానంతటదే వచ్చేది కాదు. విశ్వవిద్యాలయ వసతి గృహానికి దరఖాస్తు వేరు, గడువు వేరు. ప్రైవేటు గదిని చూడకుండా, ఒప్పందం లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పంపమనేవారిని నమ్మవద్దు.

ప్రశ్న: ఇక్కడ మా పరీక్షలు పూర్తికాకముందే అక్కడ తరగతులు మొదలవుతాయట. ఏం చేయాలి? వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

జవాబు: దేశాల విద్యా క్యాలెండర్లు ఒకదానితో ఒకటి పొసగవు. ఉత్తర అమెరికాలో మొదటి సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరులో, రెండోది జనవరిలో మొదలై మేలో ముగుస్తుంది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. తరగతులు అంతకు ముందే ముగిసినా పరీక్షలు సెలవుల్లోకి సాగుతాయి. జపాన్ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో మొదటి సెమిస్టర్ ఫిబ్రవరి చివరా మార్చి మొదలూ కలిసే వేళకు, రెండోది జూలైలో వస్తుంది. సెమిస్టర్ తేదీలను మాత్రమే కాక పరీక్షల చివరి తేదీని కూడా రాసిపెట్టుకుని రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి చూడండి. అతివ్యాప్తి వారం పది రోజులైతే పరీక్షను ముందుగా రాయనివ్వమనో, పరీక్షకు బదులు వ్యాసం సమర్పించనివ్వమనో అడగవచ్చు. నెల దాటితే మరో సెమిస్టర్‌ను ఎంచుకోవడమే మేలు. మొదటి నెల తరగతులు పోగొట్టుకున్నవారు ఆ తర్వాత అందుకోవడం కష్టం.

వీసా విషయంలో అక్కడ ఎన్ని రోజులు ఉంటారన్నదే మొదటి ప్రశ్న. షెంగెన్ దేశాల్లో, అంటే ఉమ్మడి స్వల్పకాల వీసా ఉన్న యూరప్ దేశాల్లో, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండాలంటే స్వల్పకాల వీసా పనికిరాదు. సెమిస్టర్ అంతకంటే ఎక్కువే కనుక ఆ దేశం ఇచ్చే దీర్ఘకాల వీసా గానీ నివాస అనుమతి గానీ కావాలి. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు సందర్శక వీసా సరిపోవచ్చు, కానీ దానిమీద ఉద్యోగం చేయకూడదు. అమెరికాకు విశ్వవిద్యాలయం పంపే డీఎస్-2019 పత్రం రానిదే జే-1 వీసాకు దరఖాస్తు ముందుకు సాగదు. ఏ దేశానికైనా ఆహ్వాన పత్రం అందిన రోజే అపాయింట్‌మెంట్ కోసం ప్రయత్నించండి. మిగతా కాగితాలన్నీ చేతికి వచ్చాక చూద్దామనుకునేవారు అపాయింట్‌మెంట్ దొరకక ఇరుక్కుపోతారు.

ప్రశ్న: పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారట. ఆ దేశ భాష నేర్చుకోవడం అవసరమా?

జవాబు: పాఠాలకు అవసరం లేదు. అద్దె ఒప్పందం, మందుల దుకాణం, రైలు రద్దయినట్లు మైకులో చేసే ప్రకటన, ఇవన్నీ స్థానిక భాషలోనే ఉంటాయి. యూరప్ భాషా ప్రమాణంలో ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో మొదటి రెండు ఎక్కినా రోజు గడుస్తుంది. వెళ్లే ముందు రెండు నెలలు మొదలుపెట్టి, అక్కడికి చేరాక విశ్వవిద్యాలయం నడిపే భాషా తరగతిలో చేరండి. చాలాచోట్ల దానికి క్రెడిట్లు కూడా ఇస్తారు.

ప్రశ్న: నేను ఇప్పుడు విదేశంలోనే ఉన్నాను, వచ్చి ఆరు వారాలైంది. మొదట అంతా బాగుంది. ఇప్పుడు గదిలోంచి బయటికి రావాలనిపించడం లేదు, నా భాష మాట్లాడేవారితో తప్ప మాట్లాడలేకపోతున్నాను. తిరిగి వెళ్లిపోవాలా?

జవాబు: మీరు వర్ణించిన స్థితిని పరిశోధకులు ఎప్పటి నుంచో గమనిస్తున్నారు. కొత్త సమాజంలో అడుగుపెట్టినవారు మొదట మోజుతోనూ, తర్వాత చిరాకు, దిగులుతోనూ గడిపి, క్రమంగా కుదుటపడతారని కాలెర్వో ఒబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. అంతకు ముందే, 1955లో, అమెరికా వెళ్లివచ్చిన నార్వే ఉపకార వేతన గ్రహీతల మీద స్వెర్రె లిస్గోర్ చేసిన అధ్యయనంలో, ఆరు నుంచి 18 నెలలు ఉన్నవారికంటే అంతకు తక్కువగానో ఎక్కువగానో ఉన్నవారే బాగా సర్దుకున్నట్లు తేలింది. ఈ క్రమం అందరికీ ఒకేలా ఉండదని, కొందరికి మొదటి రోజులే అన్నిటికంటే కష్టమని తర్వాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి ఫలానా వారానికి కుదుటపడతారని మేము హామీ ఇవ్వలేం.

సొంత భాషవారితో కలవడంలో తప్పు లేదు. అయితే ఉన్న సమయమంతా వారితోనే గడిపితే ఊరు పరిచయం కాకుండానే సెమిస్టర్ ముగుస్తుంది. స్నేహితులను వెతుక్కోవడానికి ప్రయత్నించకుండా, వారానికి ఒకే రోజు ఒకే వేళకు కలిసే ఏదో ఒక బృందంలో చేరండి. గాయక బృందం, ఫుట్‌బాల్ జట్టు, పర్వతారోహణ సంఘం, ఏదైనా సరే. ఒకే ముఖాలను పదేపదే చూడటం వల్ల కలిగే పరిచయం స్వాగత విందుల్లో చేతులు కలిపినంత మాత్రాన రాదు. మీ ఇంటివారితో రోజూ గంటల తరబడి వీడియోలో మాట్లాడుతున్నట్లయితే దాన్ని కొంత తగ్గించి చూడండి. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు.

నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతిన్నా, బతుకు మీద విరక్తి కలిగినా పై సలహాలతో ఆగకుండా వెంటనే విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రానికి గానీ వైద్యుడి దగ్గరికి గానీ వెళ్లండి. తిరిగి వెళ్లిపోవడం కూడా గౌరవప్రదమైన నిర్ణయమే. కానీ టికెట్ కొనే ముందు రెండు విశ్వవిద్యాలయాల సమన్వయకర్తలతో మాట్లాడండి. మధ్యలో మానేస్తే క్రెడిట్లు పోవచ్చు, ఉపకార వేతనం వెనక్కి కట్టవలసి రావచ్చు, ఇక్కడి సెమిస్టర్‌లో మళ్లీ చేరే తేదీ దాటిపోయి ఉండవచ్చు. అనారోగ్యం కారణమైతే వైద్యుడి ధ్రువీకరణ పత్రంతో వీటిలో కొన్నింటి నుంచి మినహాయింపు దొరుకుతుంది.

ప్రశ్న: డిగ్రీ చివరి సెమిస్టర్‌లో వెళ్లవచ్చా?

జవాబు: వీలైతే వద్దు. అక్కడి పరీక్షల ఫలితాలు వచ్చి, ట్రాన్స్‌క్రిప్ట్ (అధికారిక మార్కుల పత్రం) జారీ అయి, ఇక్కడ నమోదు కావడానికి వారాలు పడుతుంది. ఒక పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి అక్కడికి వెళ్లలేరు. ఈలోగా పట్టా ఆగితే దాని మీద ఆధారపడిన పై చదువు ప్రవేశం, ఉద్యోగ నియామకం కూడా ఆగుతాయి. వేరే దారి లేక చివరి సెమిస్టర్‌లోనే వెళ్లవలసి వస్తే, అక్కడి నుంచి బయలుదేరే ముందే ట్రాన్స్‌క్రిప్ట్ కోసం దరఖాస్తు ఇచ్చి, దాన్ని మీ విశ్వవిద్యాలయ పరీక్షల విభాగానికి నేరుగా పంపమని కోరండి. హాజరు తేదీలను ధ్రువీకరించే ఉత్తరాన్ని మాత్రం ఆ రోజే చేత పట్టుకుని రండి.