నీ మాంత్రికుడికి ఏం కావాలి?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ నవల మొదటి తొమ్మిది అధ్యాయాలూ అందాయి. నిదానంగా చదివాను. నది ఎండిపోయిన ఊరు, ఆ ఊళ్ళో పడవ నడిపేవాళ్ళ అబ్బాయి, నదికి మళ్ళీ నీళ్ళు తెప్పించే మణి కోసం అతను ఉత్తర దిక్కుగా బయలుదేరడం, ఎత్తుగడ చాలా బాగుంది. రేవులో పనిలేక పడివున్న పడవలకు గేదెల్ని కట్టేస్తున్నారని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యంతోనే ఊరి కష్టమంతా కళ్ళకు కట్టింది. చాలా ఏళ్ళు పిల్లల పత్రికలో జానపద సీరియళ్ళు దిద్దినవాణ్ణి కనుక, నచ్చినవాటి సంగతి తర్వాత చెప్పుకుందాం, కుదరనివాటి గురించే ఈ ఉత్తరం.

కుదరనిది నీ మాంత్రికుడు. మూడో అధ్యాయంలో పుర్రెల సింహాసనం మీద కూర్చుని వికటాట్టహాసం చేశాడు. లోకాన్నంతా భస్మం చేస్తానన్నాడు. లోకం భస్మమైతే అతను ఏలేది దేన్ని? ఉండేదెక్కడ? నువ్వు అడగలేదు కానీ పాఠకుడు అడుగుతాడు. జవాబు దొరకకపోతే ఆ క్షణమే భయం పోతుంది. ప్రతినాయకుడి మీద భయం పోయిన కథలో నాయకుడు ఎన్ని కత్తులు తిప్పినా మనకు పట్టదు.

బేతాళ కథలు తెలియని ఇల్లు మనలో ఉండదు. చెట్టు, శవం, రాజు మౌనం అందరికీ గుర్తే. ఆ రాజును శ్మశానానికి పంపినదెవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ప్రతినాయకుణ్ణి నిలబెట్టడం నేర్చుకోవలసింది ఆ మనిషి దగ్గరే. 11వ శతాబ్దంలో కశ్మీర పండితుడు సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో అతని పేరు క్షాంతిశీలుడు. భిక్షువు. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానాన్ని ఏలే త్రివిక్రమసేనుడి కొలువుకు రోజూ వచ్చి, ఒక పండు చేతిలో పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోతాడు. రాజు దాన్ని పక్కనున్న కోశాధికారికి అందిస్తాడు. ఇలా ఏళ్ళు గడుస్తాయి. ఒకనాడు ఒక పెంపుడు కోతి తప్పించుకుని సభలోకి వస్తే, రాజు ఆ పూట పండు దానికిస్తాడు. కోతి కొరికేసరికి లోపలినుంచి వెలకట్టలేని రత్నం నేల మీద పడుతుంది. ఇన్నాళ్ళూ భాండాగారం తలుపైనా తీయకుండా కిటికీలోంచి లోపలికి విసిరేస్తూ వచ్చిన కోశాధికారి పరుగున వెళ్ళి చూస్తే, పళ్ళన్నీ కుళ్ళిపోయి ఉన్నాయి, వాటి మధ్య రత్నాల కుప్ప.

ఇంతవరకూ ఆ భిక్షువు ఒక్క చెడ్డపనీ చేయలేదు. గొంతు పెంచి ఒక్క మాట కూడా అనలేదు. అయినా వెన్ను జలదరిస్తుంది. అన్నేళ్ళపాటు, అన్ని రత్నాలు కుమ్మరించి, ఇతను కొంటున్నది ఏమిటి? ఒక వీరుడి సాయం. అతనికి విద్యాధరులనే దేవజాతికి చక్రవర్తి కావాలని ఉంది. దానికి బలి కావాలి, బలికి ధైర్యవంతుడు కావాలి. అంటే రాజు ధైర్యం విలువ ఆ రాజ్యంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతని శత్రువే! 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి ఏరి పట్టుకున్నదీ ఇందుకే. ఎస్.వి.రంగారావు ఆ పాత్రలో ఇన్ని తరాలుగా మనకు గుర్తుండిపోవడానికి ఆయన ఆకారం, గొంతు ఎంత కారణమో, ఆ మాంత్రికుడికి కథానాయకుడి అవసరం ఉండటమూ అంతే కారణమని నా నమ్మకం. అవసరం ఉన్నవాడు మెచ్చుకుంటాడు, ఉత్సాహపరుస్తాడు, దగ్గరకు తీస్తాడు. తిట్టేవాడికంటే దగ్గరకు తీసేవాడు ప్రమాదం.

అందుకని ముందు నీ మాంత్రికుడికి ఏం కావాలో తేల్చుకో. నాకు తోచింది చెబుతాను, నచ్చకపోతే వదిలెయ్యి. అతనూ ఒకప్పుడు ఎండిపోయిన ఊరివాడే అనుకో. దప్పికతో తనవాళ్ళను పోగొట్టుకున్నాడు. ఎన్నో కష్టాలు పడి మణిని సాధించాడు. ఇక తన కోట చుట్టూ కాలువలు ఎప్పుడూ పారాలి, ఎవరి గొంతు ఎండినా సరే. అప్పుడు నీ పడవ కుర్రవాడు ఏ దారిన బయలుదేరాడో, ఆ దారిన ముందుగా వెళ్ళినవాడు ఈ మాంత్రికుడే అవుతాడు. పుర్రెల సింహాసనం తీసేయి. కుర్రవాడు పెదవులు పగిలి కోట వాకిట్లోకి వచ్చినప్పుడు, మాంత్రికుడే చెంబుతో నీళ్ళు తెచ్చి దోసిట్లో పోయనీ. మూడో అధ్యాయానికి అంతకంటే భయంకరమైన ప్రవేశం అక్కర్లేదు.

ఇక నాయకుడి సంగతి. నీ కుర్రవాడు తొమ్మిది అధ్యాయాల్లో ఐదు యుద్ధాలు గెలిచాడు. గెలిచినవాడల్లా మంచివాడని మనం నమ్మం. నేను కొత్త రచయితలందరికీ చెప్పిన మాట ఒక్కటే: సాధించాలనుకున్న వస్తువును ఇద్దరి చేతుల్లోనూ ఒకసారి పెట్టి చూడు. ఎవరు ఏం చేస్తారో అక్కడ తెలిసిపోతుంది. ఆదిపర్వంలో గరుత్మంతుడి కథ గుర్తు తెచ్చుకో. సాహసయాత్ర రాయాలనుకునేవారికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. తల్లి వినత, పందెంలో మోసపోయి కద్రువకు దాసి అయింది. ఆమెను విడిపించాలంటే అమృతం తెచ్చిపెట్టాలని కద్రువ కొడుకులైన నాగులు షరతు పెట్టారు. అమృతం చుట్టూ మంటలు. నదుల నీళ్ళు తెచ్చి పోసి ఆర్పాడు. లోపల కత్తుల్లాంటి అంచులతో తిరిగే చక్రం. శరీరాన్ని చిన్నది చేసుకుని దాని చువ్వల సందులోంచి దూరాడు. దాని కింద రెప్ప వేయని రెండు పాములు. వాటి కళ్ళల్లో దుమ్ము కొట్టాడు. భాండం చేతికి వచ్చింది. తాగితే చావు ఉండదు, అడిగేవాడూ లేడు. తాగలేదు. పట్టుకుని తల్లికోసం ఎగిరిపోయాడు.

మంటలూ చక్రమూ పాములూ అతని బలాన్ని చూపించాయి. తాగకపోవడం అతనెవరో చూపించింది. విష్ణువు మెచ్చి వరమిచ్చింది ఆ నిగ్రహానికే. ఆ తర్వాత ఇంద్రుడు వజ్రాయుధం విసిరితే గరుత్మంతుడు నొప్పి పుట్టకపోయినా ఒక ఈక రాల్చాడు, ఆ ఆయుధం దధీచి ఎముకతో అయింది కనుక ఆ ఋషి మీద గౌరవంతో. గెలిచే యుద్ధంలో కూడా ఎదుటివాడి ఆయుధానికి మర్యాద ఇచ్చిన నాయకుడు! ఇలాంటి ఈక ఒకటి నీ కుర్రవాడి చేత కూడా రాల్పించు. మణి అతని చేతికి వచ్చిన రాత్రి అతనికి విపరీతమైన దాహంగా ఉండాలి. ఊరు ఇంకా చాలా దూరం ఉండాలి. ఏం చేస్తాడో నువ్వే రాయి.

అడ్డంకుల విషయంలో నువ్వు ఒకే తీగ పట్టుకుని సాగదీశావు. రాక్షసుడు, ఇంకా పెద్ద రాక్షసుడు, మూడు తలల రాక్షసుడు. సుందరకాండ మొదటి సర్గ మళ్ళీ చదువు. హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటుతుంటే మూడే ఎదురవుతాయి. మొదట మైనాకుడు, బంగారు శిఖరాలతో పైకి లేచి, నాయనా కాసేపు విశ్రమించి వెళ్ళమంటాడు. శత్రువు కాడు, ప్రేమతో పిలుస్తున్నాడు. హనుమ చేత్తో తాకి, ఆగకుండా వెళ్తాడు. తర్వాత సురస, దేవతలు పరీక్షకు పంపిన నాగమాత. నా నోట్లోకి రాకుండా వెళ్ళలేవంటుంది. ఆమె నోరు పెంచుతుంటే ఇతను ఒళ్ళు పెంచి, ఒక్కసారిగా బొటనవేలంత అయిపోయి, నోట్లో దూరి బయటికొచ్చి నమస్కారం పెడతాడు. మూడోది సింహిక, నీడను పట్టి లాగుతుంది. ఆమెను చంపుతాడు. ఒకరికి వినయం, ఒకరికి తెలివి, ఒకరికి బలం. ముగ్గురినీ చంపుకుంటూ వెళ్తే అతను హనుమంతుడు అయ్యేవాడు కాదు. నీ రాక్షసుల్లో ఇద్దర్ని తీసేసి, ఒకచోట కుర్రవాణ్ణి ఆప్యాయంగా ఆపే ఇల్లు పెట్టు. చల్లటి అరుగు, వేడి అన్నం, ఇక్కడే ఉండిపొమ్మనే ముసలి దంపతులు. దాన్ని దాటడం అతనికి అన్నిటికంటే కష్టం కావాలి.

స్నేహితుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఆ బక్కపలచని పాములవాడిని నువ్వు చక్కగా పోషించావు. అలాగే ఉంచు.

మాంత్రికుడి శిష్యుడి మీద మాత్రం శ్రద్ధ పెట్టు. అతను తల ఊపడం తప్ప ఏమీ చేయడం లేదు. చెడ్డపక్షమంతా ఒకే మనసుతో ఉండదు. మారీచుణ్ణి చూడు. విశ్వామిత్రుడి యాగంలో రాముడి బాణం తగిలి సముద్రంలో పడ్డవాడు. రావణుడు మాయలేడిగా వెళ్ళమని అడిగితే, రత్నాలూ రథాలూ అన్న మాటలు వినిపించినా, వాటి మొదట్లో ఉన్న రకారానికి వణికిపోతున్నానని చెప్పుకుంటాడు. భయపడ్డానని వంద వాక్యాలు రాసినా ఆ ఒక్క మాటకు సాటి రాదు. వెళ్ళకపోతే రావణుడు చంపుతాడు, వెళ్తే రాముడు చంపుతాడు. తెలిసే వెళ్ళాడు. కుంభకర్ణుడు అన్నను ముఖం మీదే తప్పుపట్టి, ఆ తర్వాత అతని కోసమే యుద్ధానికి వెళ్ళాడు. విభీషణుడు వదిలి వచ్చేశాడు. ఒకే రాజు చుట్టూ ఇన్ని రకాల మనుషులు ఉన్నారు కనుకనే లంక మనకు నిజమైన ఊరులా కనిపిస్తుంది. నీ శిష్యుడికి కోట బయట ఒక చెల్లెలు ఉందనుకో, ఆమె ఊరి బావి కూడా ఎండిందనుకో. ఏడో అధ్యాయం దానంతటదే మారిపోతుంది.

ప్రాణం ఎక్కడ దాచాలన్నది ఇంకొకటి. ఏడు సముద్రాల అవతల చిలకలో మాయల ఫకీరు ప్రాణం ఉండటం మనకు బాలనాగమ్మ కథ ఇచ్చిన ఆస్తి. బుర్రకథల్లో, నాటకాల్లో, 1942లో జెమిని వారి సినిమాలో ఎన్ని రకాలుగా చెప్పినా జనం విన్నారు. నువ్వు చిలక బదులు నల్ల తాబేలు పెట్టావు. సరే. కానీ తాబేలే ఎందుకు? రావణుడు వరం కోరినప్పుడు దేవతలు, యక్షులు, నాగులు అందరినీ పేరుపేరునా చెప్పి, మనుషుల్ని మాత్రం లెక్కచేయక వదిలేశాడు. అతని చావు అతని గర్వంలోంచే పుట్టింది. నీ మాంత్రికుడు కూడా దేన్ని చిన్నచూపు చూస్తాడో అక్కడే అతని ప్రాణం ఉండాలి. మంత్రాలకు ఒక కట్టుబాటు పెట్టుకుని, దాన్ని ముందే పాఠకుడికి చెప్పెయ్యి. పదిహేనో అధ్యాయంలో అవసరమొచ్చిందని కొత్త మంత్రం పుట్టిస్తే పిల్లలు కూడా ఊరుకోరు. వాళ్ళు రాసే ఉత్తరాలు చదివినవాణ్ణి, వాళ్ళ జ్ఞాపకశక్తి నాకు తెలుసు.

బాలనాగమ్మ పేరెత్తాను కనుక నీ రాకుమారి సంగతీ చెప్పాలి. చెరలో కూర్చుని ఏడుస్తోంది, అంతే. బాలనాగమ్మ కూడా చెరలోనే ఉంది. కానీ వ్రతం పేరుతో ఫకీరును ఏళ్ళ తరబడి దూరం పెట్టింది. అతని ప్రాణం ఎక్కడుందో మెత్తగా మాట్లాడి అతని నోటితోనే చెప్పించింది. కొడుకు బాలవర్ధి సముద్రాలు దాటి వెళ్ళగలిగింది ఆమె రాబట్టిన ఆ రహస్యంతోనే. నీ రాకుమారికి కూడా కోట లోపల ఒక పని ఇవ్వు. కాలువల లెక్క ఆమెకే తెలుసు అన్నా చాలు.

ముగింపు నువ్వు ఇంకా రాయలేదన్నావు. తొందరపడకు. క్షాంతిశీలుడి చివరి ఘట్టం చూసుకుని రాయి. బేతాళుడు ముందే హెచ్చరించి ఉంటాడు. భిక్షువు సాష్టాంగపడమంటే, రాజును కదా, నాకు అలవాటు లేదు, ముందు నువ్వు చేసి చూపించమంటాడు త్రివిక్రమసేనుడు. అతను నేలమీద పడగానే కత్తి దిగుతుంది. తను వేసిన పథకంలోనే, రాజు కోసం అనుకున్న భంగిమలోనే అతను పోయాడు. భిక్షువు ఏ చక్రవర్తి పదవి కోసం అన్నేళ్ళు కాచుకున్నాడో అది నీదేనని బేతాళుడు చెబితే, రాజు అడిగింది మాత్రం, ఈ కథలన్నీ లోకంలో ప్రసిద్ధి చెందాలని. ఆ కోరికలో ఇద్దరి మధ్య తేడా అంతా ఉంది.

పదో అధ్యాయం జోలికి ఇప్పుడే వెళ్ళకు. మూడూ ఏడూ తిరగరాసి ముందు అవి పంపు. మాంత్రికుడు నీళ్ళు పోసే సన్నివేశంలో కుర్రవాడి వైపు నుంచి కాక ఒక పేజీ మాంత్రికుడి వైపు నుంచి కూడా రాసి చూడు. అచ్చుకు అక్కర్లేదు, నాకు పంపితే చాలు. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య