ఎం.ఎస్. సూది మంట భరించలేక మానేయాలా? ముందు ఆ ఐసు పెట్టె సంగతి చూడండి

అడిగింది ఇదీ: చెల్లికి 27 ఏళ్ళు, ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అని తేలింది. దానికి వాడే గ్లాటిరమర్ అనే మందు, 40 మిల్లీగ్రాముల సూది వారానికి మూడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వేస్తున్నారు. కారం రాసినట్టు మంట, వేసినచోటల్లా గడ్డలు. మానేస్తానంటోంది. ఉండేది అయినవిల్లి దగ్గర లంకలో. ఏం చేయాలి?

మాననివ్వకండి. సూది గుచ్చిన నొప్పి ఒక్క క్షణమే, ఆ తర్వాత మొదలయ్యే మంట మాత్రం మందుది. దాన్ని పూర్తిగా పోగొట్టలేం గానీ, అందులో చాలా భాగం వేసే పద్ధతిలోని తప్పుల వల్ల వస్తుంది.

మొదటి తప్పు ఆర్‌ఎంపీ గారి దగ్గరే ఉండొచ్చు. ఆయన చెయ్యి మంచిదే అయినా, నొప్పుల సూది డైక్లోఫెనాక్ వేసినట్టు పిర్రలో లోతుగా దించి, బయటికి తీసి, దూదితో గట్టిగా రుద్దడం ఆయనకు అలవాటు. గ్లాటిరమర్ కండలోకి వెళ్ళకూడదు. చర్మం కింద కొవ్వులోకి వెళ్ళాలి. పైగా రుద్దకూడదు. సిరంజిలో చిన్న గాలి బుడగ కనిపిస్తే దాన్ని బయటికి నెట్టకండి. నెడితే మందు కొంత పోతుంది, పోయిన చుక్క సూది మొన మీద నిలిచి చర్మం పైపొరలో మంట పెడుతుంది. ఈ సిరంజిలో బుడగ ఉన్నా ప్రమాదం లేదు. ఇదంతా ఆయనకు నేర్పడం కంటే చెల్లికో, అమ్మగారికో నేర్పడం తేలిక.

సిరంజిని ఫ్రిజ్‌లోంచి తీసి 20 నిమిషాలు బల్ల మీద ఉంచండి. చల్లటి మందు ఎక్కువ మండుతుంది. తొందరపడి వేడినీళ్ళలో ముంచడం, ఎండలో పెట్టడం వద్దు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కను ఒక్క నిమిషం చర్మం మీద ఉంచి, తడి తుడిచేసి, అప్పుడు స్పిరిట్ దూది రాయాలి. ఆ స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ఊదకూడదు. తడి స్పిరిట్ సూదితోపాటు లోపలికి పోయి చురుక్కుమంటుంది, తిట్లు మాత్రం మందుకు పడతాయి. రెండు వేళ్ళతో చర్మాన్ని మడతలా పట్టి, సూదిని నిటారుగా ఒక్కసారే దించండి. మెల్లగా గుచ్చితే నొప్పి ఎక్కువ. పూర్తిగా దిగాక మడత వదిలేసి, పిస్టన్‌ను నిదానంగా, ఒకే ఒత్తిడితో నొక్కాలి. గుచ్చేటప్పుడు ఊపిరి బయటికి వదలమనండి, బిగుసుకున్న ఒళ్ళు కాస్త వదులవుతుంది. తీసేటప్పుడు కూడా సూటిగానే తీసి, పొడి దూదితో కొన్ని క్షణాలు అదిమి పట్టుకుంటే చాలు. పసుపూ సున్నమూ, వేడి కాపడమూ ఎవరు చెప్పినా వద్దు.

గడ్డలకు ముఖ్య కారణం చోటు మార్చకపోవడం. పొట్ట (బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేసి), రెండు తొడల ముందు భాగం, చేతుల వెనక కొవ్వు, నడుము కింద రెండు పక్కలా: మొత్తం ఏడు చోట్లు. ఒకసారి వేసిన చోట కనీసం వారం దాకా మళ్ళీ వేయకూడదు. గోడ మీది తిథుల క్యాలెండర్‌లోనే ఏ రోజు ఎక్కడ వేశారో రాసుకోండి. రెండు సూదుల మధ్య 48 గంటలు ఉండాలి కాబట్టి సోమ, బుధ, శుక్రవారాలు అనుకుంటే మర్చిపోరు. ఒకేచోట పదేపదే వేస్తే చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడుతుంది. గడ్డ తగ్గుతుంది గానీ గుంట అలాగే ఉండిపోవచ్చు. గడ్డ నల్లబడినా, చీము పట్టినా ఫొటో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. మందు కాకినాడ నుంచి మీ లంకకు ఎలా వస్తోంది?

మనవైపు ఎలా జరుగుతుందో తెలిసిందే. నడి మే నెల, షాపులో పెట్టె చేతిలో పెడతారు. చల్లగా ఉండాలి అన్నారు కదా అని చేపల మార్కెట్లో రొయ్యల వాళ్ళ థర్మాకోల్ పెట్టె ఒకటి తీసుకుని, చితక్కొట్టిన ఐసు నింపి, సిరంజీల పెట్టెను ఆ ఐసులోనే కప్పెడతారు. బస్సులో కోటిపల్లి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద ముక్తేశ్వరం, అక్కడినుంచి ఆటో. మూడు గంటలూ ఐసును ఆనుకునే ఉంటాయి. గోదావరి మీద గాలికి మనకు హాయిగా ఉంటుంది, పెట్టెలో మందు గడ్డకట్టి ఉండొచ్చు. గడ్డకట్టిన గ్లాటిరమర్ మళ్ళీ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. రొయ్యకు పనికొచ్చే పద్ధతి మందుకు పనికిరాదండి. ఐసును రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అడుగున పెట్టండి. దాని మీద మందపాటి తువ్వాలు మడత, ఆ పైన మందు. ఐసు మందుకు తగలకూడదు. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, ఫ్రీజర్‌కు ఆనుకుని వద్దు. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య.

గది ఉష్ణోగ్రతలో నెల దాకా ఉంచవచ్చని చీటీలో రాసి ఉంటుంది. ఆ గది అంటే 15 నుంచి 30 డిగ్రీలు. మే నెల లంకలో రేకుల ఇల్లు ఆ లెక్కలోకి రాదు. తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టమనే సలహా కూడా మన ఉక్కపోతలో పెద్దగా పనిచేయదు, గాలిలోనే తేమ ఉంటే కుండ చల్లబడేది ఎలా? తుఫాను హెచ్చరిక వినగానే, వరద నీరు ఏటిగట్టుదాకా రాకముందే, మందును గట్టు ఇవతల కరెంటున్న చుట్టాల ఫ్రిజ్‌కు చేర్చండి.

ఒక విషయం భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. సూది వేసిన కొన్ని నిమిషాలకే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఛాతీ పట్టేసినట్టు, ఊపిరాడనట్టు అనిపించవచ్చు. చాలామందిలో అది 15 నుంచి 30 నిమిషాల్లో దానంతటదే పోతుంది. అయితే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ కూడా అచ్చం ఇలాగే మొదలవుతుంది. అరుదే గానీ, ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళలోనూ రావచ్చు. అందుకే 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. ఈ మందు వివరాల చీటీలో గళ్ళు కట్టిన పెద్ద హెచ్చరిక వేయించింది. దద్దుర్లు ఒళ్ళంతా పాకినా, పెదవులూ గొంతూ వాచినా, ఆయాసం పెరుగుతున్నా నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రి పంటు ఆగిపోయాక, సూది వేసుకోవద్దు. పగలు వేసుకోవడమే మంచిది.

డాక్టరు ఎం.ఎస్.కే వాడే ఇంకో సూది మందు ఇంటర్‌ఫెరాన్‌కు మారుస్తానంటే లెక్క వేరు. అక్కడ మంట కంటే వేసిన కొన్ని గంటలకు వచ్చే జ్వరం, ఒళ్ళునొప్పులే బాధ. అందుకని రాత్రి పడుకునే ముందు వేసుకుని, పారాసెటమాల్ ఎప్పుడు ఎంత వేసుకోవాలో డాక్టర్నే అడిగి వాడతారు. ఎం.ఎస్. ఉన్నవాళ్ళకు ఒళ్ళు వేడెక్కితే పాత తిమ్మిర్లు, చూపు మసక మళ్ళీ పైకి వస్తాయి, చల్లబడితే తగ్గుతాయి. జ్వరానికి మన వేసవి తోడైతే జబ్బు ముదిరిందని ఇల్లంతా బెంబేలెత్తుతుంది. ఇక్కడ ఫ్యానూ తడిగుడ్డా మందంత అవసరం.

చెల్లి మానేస్తాననడానికి మంట ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇన్ని సూదులు వేసుకున్నా కాలి తిమ్మిరి తగ్గలేదని లోపల ఉంటుంది. ఈ మందు పాత తిమ్మిరిని తగ్గించదు. కొత్త దాడులు (జబ్బు మళ్ళీ తిరగబెట్టడం) తక్కువసార్లు రావడానికే వేసేది. ఆ ముక్క ఎవరూ విడమర్చి చెప్పరు, మన ఓపీల్లో మూడు నిమిషాల్లో చెప్పే తీరికా ఉండదు. పద్ధతి మార్చి రెండు నెలలు చూశాక కూడా భరించలేకపోతే నోటి మాత్రలున్నాయి: డైమిథైల్ ఫ్యూమరేట్, టెరిఫ్లునమైడ్. పెళ్ళి, పిల్లల ఆలోచన ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, టెరిఫ్లునమైడ్ గర్భంలో బిడ్డకు ప్రమాదం. కొత్తది మొదలయ్యేదాకా పాతది ఆపకూడదు.

వాడిన సిరంజీలు పంట కాలువలో వేయకండి. చెప్పుల్లేకుండా నాట్లకు దిగేవాళ్ళ పాదాల్లో దిగుతాయి. ఫినాయిల్ డబ్బాలాంటి మందపాటి ప్లాస్టిక్ సీసాలో మూత బిగించి దాచి, ముప్పాతిక వంతు నిండాక ఆశా కార్యకర్తతో మాట్లాడి పి.హెచ్.సి.లో ఇచ్చేయండి.